ఈ నెల బల్ల తీసుకోనమ్మగారూ

మొదటి ఆదివారానికి ముందు శనివారం పొద్దున్నే ఏడింటికల్లా ఇల్లు కదిలేదాన్ని. చేతిసంచిలో బైబిలు, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం, ఒక రూళ్ళ నోటుపుస్తకం, నీళ్ళ సీసా. ఆ సీసా సంగతి తర్వాత చెబుతాను. మర్నాడు గుళ్ళో ప్రభు భోజనం, మా మాటల్లో బల్ల. దానికి సిద్ధపడమని ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ళతో మాట్లాడి, ప్రార్థన చేసి రావడం నా ఉద్యోగం. నేను బైబిలు స్త్రీని. రాజమండ్రిలో శిక్షణ అయ్యాక 1988లో చేరాను, 2021లో దిగిపోయాను. సత్తెనపల్లి చుట్టుపక్కల ఏడు పల్లెల్లో నేను గడప తొక్కని క్రైస్తవుల ఇల్లు లేదు.

మా లూథరన్ సంఘాల్లో ఈ పని చాలా పాతది. 1842లో ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చాక ఈ వైపు ఊళ్ళలో బళ్ళూ గుళ్ళూ లేచాయి. కానీ మగ ప్రచారకుడు ఎంత మంచివాడైనా వాకిట్లో నులకమంచం దగ్గరే ఆగిపోతాడు. పొయ్యి దాకా పోగలిగింది ఆడమనిషే. పాస్టరుగారు ప్రసంగంలో పాపం అని ఒక్క మాట అంటారు. ఆ పాపం ఏ ఇంట్లో ఏ అటక మీదుందో నాకు తెలిసేది. పక్కన పీట వేసుకుని కూర్చుని కూర తరిగిపెడుతుంటే, ఎంత గుంభనమైన మనిషైనా నోరు విప్పుతుంది.

ఆ శనివారాల్లో నేను అన్నిటికంటే ఎక్కువగా విన్న మాట ఒకటుంది. "ఈ నెల బల్ల తీసుకోనమ్మగారూ."

ఎందుకమ్మా అంటే మనసు బాగాలేదంటారు. ఇంట్లో గొడవంటారు. అత్త మీద కోపంగా ఉంది, ఇట్లాగే తీసుకుంటే శిక్షకు తీసుకున్నట్టు కదా అంటారు. ఆ భయాన్ని నేను తక్కువ చేయను. కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రికలో పౌలు ఎవరిని వారు పరీక్షించుకోమన్నాడు. పరీక్షించుకుని, ఆ మీదట రొట్టె తినమన్నాడు. మనవాళ్ళకు మొదటి సగమే గుర్తుంది. పరీక్షించుకుంటారు, తప్పుందని తేల్చుకుంటారు, బల్ల మానేస్తారు. తప్పు మాత్రం ఉన్నచోటనే ఉంటుంది. ఒక నెల మానేసినావిడ రెండో నెలా మానేస్తుంది. ఏడాది తిరిగేసరికి ఆ కోపానికి ఇంట్లో ఒక మంచం, ఒక కంచం ఏర్పడిపోతాయి. ప్రభువు చెప్పింది వేరు. బలిపీఠం దాకా వచ్చాక నీ సోదరుడికి నీమీద ఏదో ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలి ముందు వెళ్ళి సమాధానపడి రమ్మన్నాడు. మళ్ళీ రమ్మన్నాడు. ఆ "మళ్ళీ" కోసమే నేను ముప్పైమూడేళ్ళు తిరిగాననుకుంటాను.

బల్ల తీసుకోనన్నవాళ్ళ పేర్లు నోటుపుస్తకంలో రాసుకునేదాన్ని. కారణం రాసేదాన్ని కాదు, నెల మాత్రం వేసేదాన్ని. రెండు పేర్ల పక్కన ఆరేళ్ళ నెలలు వరసగా పడ్డాయి.

వాళ్ళిద్దరూ తోడికోడళ్ళు. గోడకు గోడ. అత్త పోయినప్పుడు ఆవిడ ఇత్తడి బిందె పెద్దకోడలు తీసుకుంది. మంచంలో ఉన్న అత్తకు రెండేళ్ళు ఎత్తిపోసింది చిన్నకోడలు. బిందె నీకేనమ్మా అని అత్త అన్నదట. అంతే. ఇద్దరూ గుడికి వస్తారు, ఒకే కీర్తన పాడతారు, ఒకామె కుడిపక్క స్తంభం దగ్గర, ఇంకొకామె తలుపు దగ్గర. పెద్దకోడలు భక్తిలో తక్కువేం కాదు. శ్రమల కాలం నలభై రోజులూ ఒంటిపూట ఉండేది. "దేవుడు నా కోపం తీసెయ్యాలని ఏడుస్తూనే ఉన్నానమ్మగారూ" అనేది. నేను కూడా ఆమెతో కలిసి ఏడ్చాను. వాక్యం చదివాను. ఆరేళ్ళు అదే మందు.

ఒక శనివారం ఆ ఇంట్లో ప్రార్థనకు మోకరించాను. కళ్ళు మూయబోతుండగా ఎదురుగా బిందె కనబడింది. చింతపండు పెట్టి తోమినట్టుంది, తళతళలాడుతోంది. లోపల చుక్క నీళ్ళు లేవు. అడుగున మాటు వేయించిన గుర్తు. ఎప్పుడో చిల్లిపడింది, వాడటం కూడా లేదు. వారం వారం తోముతోంది, వాడటం లేదు. నేను లేచి నిలబడ్డాను. "ప్రార్థన తర్వాత చేద్దాం తల్లీ. ముందు దీన్ని పట్టుకో" అన్నాను.

ఆమె చాలాసేపు కదల్లేదు. తర్వాత బిందె చంకనెత్తుకుంది. గడప దాటింది. మళ్ళీ లోపలికి వచ్చింది. కొంగుతో బిందె మూతి తుడిచింది. మళ్ళీ గడప దాటింది. పక్కింటికి ఇరవై అడుగులుండవు, పావుగంట పట్టింది. చిన్నకోడలు వసారాలో బియ్యం చెరుగుతోంది. తలెత్తి బిందెను చూసింది, మనిషిని చూసింది. "నాకొద్దు, నువ్వే ఉంచుకో" అంది. అని చేట ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. ఇద్దరూ ఆ రోజే కలిసిపోలేదు. బిందె ఆ అరుగు మీద రెండు రోజులుంది, ఎవరూ ముట్టలేదు. మర్నాడు ఇద్దరూ బల్ల దగ్గరకు వచ్చారు, వేరువేరు వరసల్లో. మాటలు కలవడానికి ఇంకో ఏడాది పట్టింది.

అప్పటినుంచి నేను అడిగే ప్రశ్న మారిపోయింది. అంతకుముందు "ఏం పాపమమ్మా?" అనేదాన్ని. తర్వాత "అది ఇంట్లో ఎక్కడుందో చూపించమ్మా" అని అడగడం మొదలుపెట్టాను. చాలా పాపాలకు చేత్తో పట్టుకోదగ్గ వస్తువొకటి ఉంటుంది. బిందె, ప్రామిసరీ నోటు, దాచిన ఫోను నంబరు, అరిగిన తూకం రాయి. మనసు శుద్ధి చెయ్యమని దేవుణ్ణి అడుగుతూ ఆ వస్తువును తోమి తోమి దాచుకుంటాం.

పరిశుద్ధత అనగానే మా వైపు ముందు నగలు గుర్తొస్తాయి. కొన్ని సంఘాల్లో దుద్దులు, గాజులు, పూలు, రంగు చీరలు అన్నీ తీసేస్తారు. నిష్ఠగా తీసేసినవాళ్ళను నేను గౌరవిస్తాను, వాళ్ళలో ప్రార్థనాపరులున్నారు. కానీ తీసెయ్యడం అక్కడితో అయిపోయిందనుకోవడం నన్ను బాధపెట్టేది. ఒక ఇంట్లో కొత్తకోడలి చెవులు బోసిగా ఉన్నాయని అత్త సంతోషంగా సాక్ష్యం చెప్పింది. ఆ పిల్ల పుట్టింటివాళ్ళు ఇంకా ఇవ్వాల్సిన కట్నం గురించి అదే నోటితో, అదే పూట, ఆ పిల్ల వింటుండగా దెప్పింది.

అలాంటి ఇళ్ళలో నేను లేవీయకాండం పందొమ్మిదో అధ్యాయం చదివేదాన్ని. చాలామంది బైబిళ్ళలో ఆ పేజీలు కొత్తగా ఉంటాయి, ఎవరూ తిప్పరు. తాను పరిశుద్ధుడు గనుక తన ప్రజలూ పరిశుద్ధంగా ఉండాలని దేవుడు మొదలుపెడతాడు. ఆ తర్వాత చెప్పే సంగతులు చూడండి. చేను అంచులదాకా కోసుకోకూడదు, రాలిన పరిగె బీదలకు వదిలెయ్యాలి. కూలివాడి కూలి తెల్లారేదాకా దగ్గర పెట్టుకోకూడదు. గుడ్డివాడి దారిలో అడ్డం పెట్టకూడదు. కొండేలు మోయకూడదు. మనసులో పగ పెట్టుకోకూడదు. తూకం రాళ్ళూ కొలతలూ సరిగ్గా ఉండాలి. హెబ్రీ భాషలో పరిశుద్ధత అంటే దేవుని కోసం ప్రత్యేకించి పెట్టడం అని శిక్షణలో నేర్పారు. ఆ ప్రత్యేకత గుళ్ళో కంటే ముందు చేలో, కల్లంలో కనబడాలని ఈ అధ్యాయం చెబుతుంది. మా అమ్మ వెంట వరికోతల్లో పరిగె ఏరి పెరిగినదాన్ని నేను. అంచుల్లో నాలుగు కంకులు వదిలిన రైతెవరో, దులిపి మరీ తీసుకుపోయిన రైతెవరో నాకు ఇప్పటికీ గుర్తే.

ఆ అధ్యాయం విని ఒకామె నిద్రపోలేదు. మిరప కల్లాల్లో తాలుకాయలు ఏరే కూలికి పోయేది. సాయంత్రం దిగొచ్చేటప్పుడు ఒడిలో నాలుగు గుప్పిళ్ళు మంచి కాయలు. అందరూ తెచ్చుకునేవే, దాన్ని దొంగతనమని పల్లెలో ఎవరూ అనరు. రైతు ఇచ్చే కూలి న్యాయమా అని ఆమె నన్నే అడిగింది. న్యాయం కాదు, ఆ మాట ఆయన ముందు కూడా అంటానన్నాను. కానీ ఆమె నిద్ర చెడింది రైతు తప్పు వల్ల కాదు. తన ఒడి గుర్తొచ్చి. వేళ్ళ మీద లెక్కవేసింది. ఆ సీజను మొత్తానికి పన్నెండు కిలోలు తేలింది. కిలో 50 రూపాయల చొప్పున 600. ధర్మశాస్త్రంలో తప్పు ఒప్పుకున్నవాడు అసలుకు ఐదోవంతు కలిపి ఇవ్వాలని ఉంది. ఇంకో 120. మొత్తం 720 రూపాయలు పోగెయ్యడానికి ఆమెకు మూడు నెలలు పట్టింది.

ఇద్దరం వెళ్ళాం. రైతు వరండాలో కాఫీ తాగుతున్నాడు. ఆమె డబ్బు గట్టు మీద పెట్టి, విషయం చెప్పింది. ఆయన నమ్మలేదు, ఎవరైనా పంపించారా అని నన్ను అడిగాడు. తర్వాత మాట్లాడలేదు. డబ్బు తీసుకున్నాడు. తీసుకోడేమో, మెచ్చుకుని తిరిగి ఇచ్చేస్తాడేమో అని నాలో ఒక ఆశ ఉండేది, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఆయన లెక్కపెట్టుకుని జేబులో పెట్టుకున్నాడు. వెనక్కి వచ్చేటప్పుడు ఆమె చేతులూపుకుంటూ నాకంటే ముందు నడిచింది. ఆ తర్వాతి ఏడు ఆమె కొనుక్కున్న కాయల్లోనుంచే పక్కింటి విధవరాలికి కారం కొట్టించి ఇచ్చింది. దొంగిలించేవాడు మానడంతో ఆగకుండా కష్టపడి లేనివాడికి పంచాలని ఎఫెసీ పత్రికలో ఉంది. ఆ సంగతి నేను చెప్పలేదు. ఆమెకు చదువు రాదు.

ఇక్కడ ఒకటి జాగ్రత్తగా చెప్పాలి. ఆ 720 రూపాయలు ఆమెకు క్షమాపణ కొనిపెట్టలేదు. క్షమాపణ సిలువ దగ్గర ఉచితంగా దొరికింది, అది దొరికాకే డబ్బు పోగెయ్యడానికి ఆమెకు ధైర్యం వచ్చింది. యేసును చూడాలని చెట్టెక్కిన సుంకరి జక్కయ్య కథలో వరస ఇదే. యేసు ముందు ఆ ఇంటికి వస్తానన్నాడు. నాలుగంతలు తిరిగి ఇస్తానని జక్కయ్య అన్నది ఆయన వచ్చాక. లెక్కలు తేల్చుకో, అప్పుడు వస్తానని ప్రభువు చెట్టు కింద నిలబడి అనలేదు. బైబిలు స్త్రీ పని కూడా ఆ వరసలోదే. మనం ముందు ఇంటికి పోవాలి. తప్పు బయటపడ్డాక పోవడం మానేస్తే ఇంకెప్పుడూ ఆ ఇల్లు తెరుచుకోదు.

తాగే మగవాళ్ళ విషయంలో నేను చాలాకాలం ఓడిపోయాను. ఉజ్జీవ కూటాల్లో చేతులెత్తుతారు, ఏడుస్తారు, ఇరవై రోజులు మానేస్తారు. ఇరవైయొకటో రోజు మామూలే. ప్రభువు చెప్పిన ఊడ్చిన ఇంటి ఉపమానం నాకు ఒక ఇల్లాలి వల్ల అర్థమైంది. దయ్యం వదిలిపోయిన ఇల్లు ఊడ్చి అలంకరించి ఖాళీగా ఉంటే, ఆ దయ్యం మరి ఏడింటిని వెంటబెట్టుకుని తిరిగొస్తుంది. "సాయంత్రం ఆరున్నరకు ఆయనకు ఏం చెయ్యాలో తోచదమ్మగారూ, కాళ్ళు వాటంతటవే షాపుకు పోతాయి" అందామె. ఆ ఆరున్నరలో ఏదో పెట్టాలి. గుడి తాళాలు ఆయన చేతిలో పెట్టి, సాయంత్రం తలుపులు తెరిచి దీపాలు వేసి గంట కొట్టమందామన్నాను. తాగుబోతుకు గుడి తాళాలా అని పెద్దలు ఒప్పుకోలేదు. అప్పటి పాస్టరుగారు పట్టుబట్టి ఇప్పించారు. మొదటి ఏడు ఆయన మూడుసార్లు పడ్డాడు. పడ్డ ప్రతిసారీ తాళాలు తెచ్చి పాస్టరుగారింటి గుమ్మంలో పెట్టి పోయేవాడు. మర్నాడు పాస్టరుగారు వాటిని తీసుకెళ్ళి మళ్ళీ ఇచ్చి వచ్చేవారు. తర్వాత పదకొండేళ్ళు, ఆయన పోయేదాకా, మా గుడి గంట ఆరున్నర దాటి మోగలేదు.

ఇక నా సీసా.

మాది మాలపల్లె. రోడ్డు అవతల మాదిగపల్లె. అక్కడ కూడా మా సంఘపువాళ్ళ ఇళ్ళు కొన్ని ఉండేవి. నేను వాళ్ళ ఇళ్ళకు వెళ్ళేదాన్ని, పిల్లల తలల మీద చేతులుంచి ప్రార్థన చేసేదాన్ని, రోగుల పక్కన కూర్చునేదాన్ని. నీళ్ళు మాత్రం తాగేదాన్ని కాదు. "గొంతు పడదమ్మా, కాచి చల్లార్చిన నీళ్ళే తాగమన్నారు డాక్టరు" అనేదాన్ని. సీసా తీసి తాగేదాన్ని. ఏ డాక్టరూ నాకు అలా చెప్పలేదు. ఊరంతా మమ్మల్ని దూరం పెట్టిన రోజులు నాకు తెలుసు. మా నాన్నకు హోటల్లో విడిగా గ్లాసు పెట్టిన సంగతి చెప్పి నేను ఎన్నోసార్లు కన్నీళ్ళు పెట్టుకున్నాను. అయినా నేను చేసిందదే. చేస్తున్నానని నాకు నేను కూడా చెప్పుకోలేదు. పద్నాలుగేళ్ళు.

ఆ పల్లెలో ఒక మామ్మ ఉండేది. ఒక శనివారం నేను మెట్టెక్కగానే ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకుంది. "అమ్మగారా, మా మనవడు నిన్న మేకల్ని తోలుకొస్తా చూశాడంట, మీ పల్లెలో బోరింగు దగ్గర మీరు దోసిలి పట్టి నీళ్ళు తాగుతున్నారంట. గొంతు బాగైందన్నమాట. నేను రోజూ మొక్కుకుంటున్నా. దేవుడికి స్తోత్రం" అంది.

ఎత్తిపొడవలేదు. ఆమెకు అది తెలియదు. నిజంగానే సంతోషించింది. పద్నాలుగేళ్ళు నా గొంతు కోసం ప్రార్థన చేసింది.

ఆ పూట ఏం ప్రార్థన చేశానో గుర్తులేదు. ఇంటికొచ్చి నోటుపుస్తకంలో మొదటిసారి నా పేరు రాసుకుని నెల వేశాను. మర్నాడు బల్ల తీసుకోలేదు. పై నెలా తీసుకోలేదు. ఇన్నేళ్ళూ అందరికీ ఏది వద్దని చెప్పానో అదే చేశాను. పాపం గురించి మౌనంగా ఉన్నంతకాలం ఎముకలు క్షీణించాయని దావీదు ముప్పైరెండో కీర్తనలో చెప్పుకున్నాడు. అది మాటవరస కాదని అప్పుడు తెలిసింది. మోకాళ్ళు నొప్పులు, అన్నం సహించేది కాదు.

మూడో నెల శనివారం సీసా ఇంట్లో వదిలేసి వెళ్ళాను. మే నెల. మామ్మ ఇంటికి చేరేసరికి నాలుక పిడచకట్టింది. "మామ్మా, కాసిని నీళ్ళియ్యవా" అన్నాను. ఆమె కుండలో స్టీలు గ్లాసు ముంచి, అడుగు కొంగుతో తుడిచి ఇచ్చింది. తాగాను. మా పల్లె నీళ్ళ రుచే, బోరు లోతూ అదే. గ్లాసు కింద పెట్టి చెప్పాను. "మామ్మా, నా గొంతు ఎప్పుడూ బాగానే ఉంది. మీ నీళ్ళు తాగడం ఇష్టంలేక అబద్ధమాడాను. నన్ను క్షమించు." ఆమె నన్ను అలాగే చూసింది. కిటికీలోంచి వచ్చిన ఎండ గ్లాసు మీద పడుతోంది. అప్పుడు ఆమె గ్లాసు తీసుకుని లేచి, "ఇంకో గ్లాసు ముంచనా?" అంది.

దానితో అయిపోయిందని చెప్పలేను. ఆ తర్వాత చాలా ఏళ్ళు, అక్కడ కంచం ముందు కూర్చున్నప్పుడు నా చెయ్యి ఒక్క క్షణం ఆగేది. ఎవరికీ కనబడనంత. నాకు కనబడేది. బాప్తిస్మం పొందినవాడు తనలోని పాత మనిషిని ప్రతిరోజూ ముంచి చంపుతూ ఉండాలని లూథరు 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరిలో నేర్పాడు. చిన్నప్పుడు కంఠతా పట్టాం. ప్రతిరోజూ అనే మాట ఎందుకు పెట్టాడో ఆ ఆగే చెయ్యిని చూశాకే నాకు తెలిసింది. ఆగినా సరే, ముద్ద కలిపేదాన్ని. ఒక రోజు, ఎప్పుడో తెలియదు, ఆగడం మానేసింది. మామ్మ పోయినప్పుడు ఆమెకు చివరి స్నానం చేయించినవాళ్ళలో నేనున్నాను.

ఉద్యోగం దిగినా నోటుపుస్తకం ఉంది. అందులో ఇప్పుడు ఒకటే పేరు, నాదే. పక్కన పద్నాలుగు నెలలు. అమ్మ పోయాక ఇంటిస్థలం విషయంలో తమ్ముడికీ నాకూ మాట పట్టింపొచ్చింది. వాడు అన్న మాటలు నా చెవిలో ఉన్నాయి, నేను అన్నవి వాడి చెవిలో ఉండే ఉంటాయి. వాడే ముందు ఫోను చెయ్యాలని కూర్చున్నాను, నేను పెద్దదాన్ని కదా అని. ఈ వ్యాసం మొదలుపెట్టినప్పుడు బిందె గురించి రాస్తూ నాకే నా ప్రశ్న వేసుకున్నాను, అది ఇంట్లో ఎక్కడుందో చూపించమ్మా అని. నా ట్రంకుపెట్టెలో, చీరల కింద ఉంది. అమ్మ పేరున ఇచ్చిన ఇంటి పట్టా. ఆ ఇంట్లో ఉంటున్నది వాడు, అమ్మను చూసుకున్నదీ వాడే. కాగితం నా దగ్గరుంది.

రేపు శనివారం. పట్టా ప్లాస్టిక్ కవరులో పెట్టి, సంచిలో బైబిలు పక్కన పెట్టాను. నరసరావుపేట బస్సు ఆరూ నలభైకి వస్తుంది.